నిచ్చెన మస్తాన్ ఇంట్లో ఉంది

శుక్రవారం పొద్దుగూకే వేళకి
మార్కాపురంలో, మూతపడ్డ పలకల ఫ్యాక్టరీ వెనక
రేకుల షెడ్డులో చేరతాం.
నిండుగా వస్తే పదకొండు మందిమి, ఒక్కోసారి ఏడుగురిమి.
చాప పరిచేది కెజియా.
దీపాలు రెండు. వెలిగించేది ఆ వారం వంతు ఎవరిదైతే వాళ్ళు.
రబ్బీ లేడు మాకు.
లైన్‌మన్‌గా రిటైరైన ఎజ్రా మామ ఉన్నాడు.
ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కినవాణ్ణి,
పైన ఏముందో నాకు తెలీదా అంటాడు:
తీగలు, ఒక కాకిగూడు, అంతే.

జొన్నరొట్టెలు రెండు, మీద ఉతికిన కండువా.
ఎండుద్రాక్షలు నానేసిన నీళ్ళు స్టీలు గ్లాసుల్లో.
వెలుగు మన చేతుల్లోది అని చదువుతాం.
దేవుడి పేరు రావాల్సిన చోట
ఊపిరి తీసుకుంటాం.
ఆ సందులో మా అమ్మ
పెదాలు కదలకుండా స్తోత్రం అనేస్తుంది.
నలభై ఏళ్ళు చర్చిలో నానిన నాలుక,
ఎవరేమంటారు?

గోడవారన పలకలు.
ఎవరూ కొనక మిగిలిపోయినవి, చెక్క చట్రం లేనివి.
ఒక్కోదాని మీద బలపంతో ఒక్కో పేరు.
యాకోబి. రాయి కోసీ కోసీ రొమ్ములో దుమ్ము పేరుకుని.
తిర్సమ్మ. బోరు నీళ్ళు ఎముకల్లోకి దిగి, నలభైకే నడుము వంగి.
మా తమ్ముడు ఆషేరు. జ్వరం. మూడు రోజులు.
మంచం ఖాళీ అయ్యిందని ఆస్పత్రి నుంచి ఫోను
నాలుగో రోజు వచ్చింది.
ఏడాదికోసారి తడిగుడ్డతో తుడిచి
అదే పేరు మళ్ళీ రాస్తాం.
పోయినేడు నా చేతిలో 'ఆ' వంకరపోయింది.
దిద్దలేదు.

ఈ మధ్య టీవీలో
ఎక్కడివో ఊళ్ళు కాలుతున్నాయి.
టీ కొట్టు దగ్గర అడుగుతున్నారు, మీరెటువైపు అని.
తర్లుపాడు రోడ్డు వైపు, అన్నాడు ఎజ్రా మామ.
నవ్వినవాళ్ళు నవ్వారు.
నవ్వనివాళ్ళ మొహాలు ఇంటికొచ్చాక కూడా గుర్తున్నాయి.

మర్నాడు కానిస్టేబులు పేర్లు రాసుకున్నాడు.
మతం? యూదులం.
ఏ దేవుడు?
ఆ గడి ఖాళీ వదిలెయ్యండి సార్.
పాపం, పెన్ను ఆగిపోయింది.
యెరూషలేం వాళ్ళ లెక్కలో లేం,
ఎమ్మార్వో లెక్కలోనూ లేం,
ఇదిగో, ఇప్పుడు స్టేషను పుస్తకంలో ఉన్నాం.

ఆ సాయంత్రమే షెడ్డు ఓనరు ఫోను:
బోర్డు తీసెయ్యండి, నాకెందుకీ తలనొప్పి.
బోర్డంటే ఏముంది, అడుగున్నర పలక.
'శుక్రవారపు కూటం. యూదులు.
ఎవరైనా రావచ్చు.'
తెల్ల పెయింటు, పైన రేకు అంచుకి తీగతో కట్టి.

ఓట్లు పెట్టాం. పలక మీదే గీతలు.
పిల్లలున్నారు, అంది రూతు.
పిల్లలున్నారనే ఉంచాలి, అన్నాడు దాసు.
ఎవరి మాటా తప్పనిపించలేదు.
ఉంచడానికి ఐదు. తీయడానికి ఆరు.
ఆరో గీత నాది.
చెప్పుకోవాలిగా.

తీరా లేస్తే నిచ్చెన లేదు.
గాలికి మస్తాన్ ఇంటి రేకులు లేచాయని
ఎజ్రా మామ పొద్దున్నే ఇచ్చొచ్చాడంట.
కుర్చీ వేస్తే అందదు.
కుర్చీ మీద కుర్చీ వేస్తే, ఎవరి కాలు విరగాలి?
వచ్చేవారం చూద్దాం, అన్నారెవరో.
రొట్టె తుంచి పంచుకున్నాం.
ఉప్పు కాస్త ఎక్కువైంది.

అయిదు శుక్రవారాలైంది.
మస్తాన్ రేకులు ఎప్పుడో బిగించుకున్నాడు.
నిచ్చెన వాళ్ళ గోడకే ఆనుకుని ఉంది.
అంగన్‌వాడీకి రోజూ ఆ సందులోంచే పోతాను,
దాని మెట్ల మీద వాళ్ళావిడ పసిపిల్ల గుడ్డలు ఆరేస్తుంటుంది.
ఆగి పలకరిస్తాను.
గోంగూర కట్ట పెడితే కొంగులో వేసుకుంటాను.
నిచ్చెన మాట ఆవిడ ఎత్తదు.
నేనూ ఎత్తను.